పొన్నంగి పిట్ట చరిత్రము

శాస్త్రలోకమునకు మన తెనుగుభాష యిచ్చిన మాటలు మిక్కిలి కొలదిగా నున్నవి. ఆ కొలది మాటలలో 'పిట్ట' యొకటి. మన యింటి పసిబిడ్డ సయితము పలుకు నీ రెండక్షరముల మాట నేడు పక్షిశాస్త్రజ్ఞుల గ్రంథములలో నొక కుటుంబమునకే పేరై యున్నది. ఆఫ్రికా మొదలు ఆస్ట్రేలియా వరకును, హిమవత్పర్వతపు అడుగుకొండలు మొదలు జపాను ద్వీపముల వరకును వ్యాపించిన సుమారు నలువది జాతుల పక్షులను శాస్త్రజ్ఞులు 'పిట్టలు' అనియే వ్యవహరించుచున్నారు. జపానువాని యడవిలో కూయు పక్షికిని, ఆస్ట్రేలియావాని తోటలో గంతులిడు పక్షికిని తెనుగుపేరు కలిగినదని వినినచో మనకు గర్వము కలుగుట సహజము. కాని యా పేరునకు మూలమైన పక్షి ఏది, అది మన యూరికి ఎప్పుడు వచ్చును, ఎప్పుడు పోవును, ఎచట నుండును అని యడిగినచో మనలో నూటికి తొంబదిమంది నోరు మెదపజాలరు. పేరు మనది, ఎరుక పరులది. ఈ లోపమును గూర్చి, ఆ పక్షి చరిత్రమును గూర్చి నాలుగు మాటలు చెప్పుటకే యీ వ్యాసము.

ఆ పక్షి పేరు పొన్నంగి పిట్ట. కొందరు పొలంకి పిట్ట యనియు నందురు. పొన్ను అనగా బంగారము. అంగి అనగా చొక్కా. ఈ రెండు మాటలను కలిపి చదువుకొన్నచో, పక్షి రొమ్మును చూచినవారికి పేరులోని సొగసు తోపకపోదు. పరిమాణమున నిది గోరువంక కంటె కొంచెము చిన్నది. బరువున నొక కోడిగ్రుడ్డుతో సరిపోవును. తోక యున్నదా లేదా యనునట్లుండును. కాళ్లు పొడవు, ముక్కు బలిష్ఠము. వీపు ఆకుపచ్చ; రెక్కమీదను తోకకొననును మెరయు నీలము; రొమ్ము లేత పసుపు; గొంతు తెలుపు; కడుపు క్రింద కుంకుమ పూసినట్లు ఎరుపు. నడినెత్తి మీద నొక నల్లని చార, కంటిమీదుగా మెడవరకు నింకొక నల్లని పట్టె. ఎగిరినప్పుడు రెక్కలో నొక తెల్లని మచ్చ తళుక్కుమనును. హిందీవారు దీనిని 'నవరంగ్' అనుట యీ వన్నెలనుబట్టియే.

ఇన్ని వన్నెలున్న పక్షి కంటబడకుండుట యెట్లు అని చదువరులు శంకింపవచ్చును. దీని నడవడి దీని వన్నెలకు విరుద్ధము. ఇది చిటారుకొమ్మన కూర్చుండి తన్ను చూపుకొనునది కాదు. పొదల క్రింది నీడలో, రాలిన యాకుల నడుమ, గంతులిడుచు పురుగులను నత్తలను ఏరుకొని తినును. అలికిడి యైనచో కదలక నిలుచును. ఆకులమీద పడిన యెండపొడలలో దాని పసుపును పచ్చదనమును కలిసిపోవును. నీలిరెక్కను చూచి లకుముకి యని భ్రమించువారును, పసుపు రొమ్మును చూచి వంగపండు పిట్ట యనుకొనువారును గలరు. లకుముకి నీటిచెంత కొమ్మమీద కూర్చుండును. వంగపండు చెట్లతలలు విడువదు. పొన్నంగి నేలను విడువదు. ఈ యొక్క భేదము జ్ఞాపకముంచుకొన్న చాలును.

కంటికంటె ముందు చెవికి దొరకు పక్షి యిది. తెల్లవారుజామునను, సందెవేళను తల వెనుకకు వంచి, రెండు స్వరముల యీల యొకటి వేయును: మొదటిది పైకి సాగును, రెండవది క్రిందికి జారును. ఉదయము ఆరింటికి, సాయంకాలము ఆరింటికి కూయుచుండుటచేత అరవదేశమున దీనికి 'ఆరుమణి కురువి' యని పేరు. సింహళములో దీనిని 'అవిచ్చియా' అందురు. తన యందమైన యీకలను ఎరువు పుచ్చుకొని మరల ఈయని నెమలిని తలంచుకొని యిది యేడ్చుచున్నదని యచ్చటి పల్లెకథ. పొరుగువారందరికి దీని కూతనుగూర్చి యొక మాటయో కథయో యుండగా, పేరు పెట్టిన మనము మాత్రము కూతను మరచితిమి.

ఇక చరిత్రమునకు వత్తము. పదునెనిమిదవ శతాబ్దారంభమున చెన్నపట్టణపు సెయింటు జార్జి కోటలో ఎడ్వర్డు బక్లీ యను నాంగ్లేయ వైద్యుడుండెను. ఆయన యీ దేశపు పక్షుల చిత్రములను, వాని దేశ్యనామములను లండనులోని జేమ్సు పెటివరు అను మందులవర్తకునికి పంపెను. జాన్ రే యను ప్రసిద్ధ ప్రకృతిశాస్త్రజ్ఞుడు వ్రాసిన పక్షిశాస్త్ర గ్రంథము ఆయన మరణానంతరము 1713లో ప్రకటింపబడినప్పుడు, దానికి అనుబంధముగా పెటివరు ఈ చెన్నపట్టణపు పక్షుల వర్ణనములను చేర్చెను. అందు 'పొన్నుంకి పిట్ట' యను పేరు ఆంగ్లాక్షరములలో నున్నది. మన పక్షులు శాస్త్రగ్రంథములకు ఎక్కిన తొలిదినములలోనే, దాని తెనుగుపేరు చెడకుండ, పొన్నంగి యచట చేరినదన్నమాట.

స్వీడను దేశస్థుడగు లిన్నేయసు జీవరాసుల కన్నిటికి రెండేసి మాటల లాటిను పేర్లు పెట్టు పద్ధతిని స్థాపించిన మహనీయుడు. ఆయన 1766లో ఈ పక్షికి నామకరణము చేయుచు దీనిని కాకుల గుంపులో చేర్చెను! 'పొట్టితోక కాకి' యని యా లాటిను పేరునకు అర్థము. దూరదేశమున కూర్చుండి చిత్రములను బట్టి పేరిడువారికి ఇట్టి పొరపాటు వింత కాదు. పిమ్మట 1816లో వియ్యో యను ఫ్రెంచి పండితుడు ఇది కాకి కాదనియు, దీని చుట్టములు వేరనియు గ్రహించి, క్రొత్త ప్రజాతి నొకదానిని కల్పించి, దానికి 'పిట్ట' యను పేరుంచెను. పొట్టితోకను తెలుపు లిన్నేయసు మాట దాని వెనుక నిలిచినది. నేటికిని దీని శాస్త్రనామము 'పిట్టా బ్రాకియూరా' యే. ముందు మాట తెనుగు, వెనుక మాట గ్రీకు మూలము గలది. ఇట్టి పొత్తు అరుదు.

ఇచట మన మొక సంగతిని తలపోయవలెను. బక్లీకి 'పొన్నంగి' యని చెప్పినదెవరు? చెన్నపట్టణపు పరిసరములలోని పొదలలో వల పన్నువాడో, ఉచ్చు వేయువాడో, కోట తోటలో పనిచేయు మనుష్యుడో యైయుండును. పంపినవాని పేరు, అచ్చువేసినవాని పేరు, కాకి యన్నవాని పేరు, కాదన్నవాని పేరు మనకు దెలియును. పక్షిని పక్షిగా నెరిగి పేరుపెట్టి పిలిచిన వాని పేరు మాత్రము చరిత్రము దాచుకొనలేదు. విద్య యనగా పుస్తకములో నున్నదే యని తలంచు మనబోటి చదువరులకు ఈ సంగతి యొక పాఠము. మొదటి ఎరుక పొదచెంత నివసించువానిది. పుస్తకము దాని ప్రతిబింబము.

పొన్నంగి చరిత్రమున మన నెల్లూరునకు ప్రత్యేక స్థానము కలదు. థామసు కావర్‌హిల్ జెర్డన్ అను వైద్యుడు 1836లో భారతదేశమునకు వచ్చి, 1840వ దశకములో నెల్లూరున సివిల్ సర్జనుగా పనిచేసెను. రోగులను చూచుట ఆయన వృత్తి; పక్షులను, చీమలను, పాములను, చేపలను పరిశీలించుట ఆయన వ్యసనము. 1843 మొదలు 1847 వరకు చెన్నపట్టణమున ఆయన ప్రకటించిన ఏబది చిత్రముల పక్షిగ్రంథమునకు బొమ్మలు వ్రాసినవారు మన దేశీయ చిత్రకారులే. తరువాత 1862–64 సంవత్సరములలో మూడు సంపుటములుగా వెలువడిన 'భారతదేశపు పక్షులు' అను ఆయన గ్రంథము తరతరముల వారికి ఆధారమయ్యెను. ప్రతి పక్షికిని దేశభాషలలోని పేర్లను వ్రాసిపెట్టుట ఆయన యలవాటు. తెనుగుపేర్లు అనేకము ఆ గ్రంథములో నిలిచి యుండుటకు అదియే కారణము.

ఆ గ్రంథమున పొన్నంగిని గూర్చి జెర్డన్ వ్రాసిన సంగతి యెంతయు కుతూహలకరము. వేసవి యారంభమున పడమటి గాడ్పు విసరునప్పుడు ఈ పక్షులు కర్ణాటక మండలపు తీరభూములలో కానవచ్చుననియు, బలహీనములైన రెక్కలు గలవగుటచేత తూర్పుకనుమల నుండి గాలి వీనిని కొట్టుకొని తెచ్చుననియు, అప్పుడివి గుడిసెలలోను, కొట్టములలోను, ఏ కప్పు దొరకిన ఆ కప్పు క్రిందను దూరుననియు ఆయన తెలిపెను. తాను మొదట చూచిన పొన్నంగి చెన్నపట్టణపు జనరల్ ఆసుపత్రిలో తలదాచుకొనినదట. నెల్లూరున ఇట్లే యిండ్లలో దూరిన పక్షులను ప్రాణములతో అనేకము సంపాదించినట్లు ఆయన చెప్పుచున్నాడు. నూరు సంవత్సరములకు పైబడిన యీ వాక్యములు నేటికిని సత్యములే. చైత్ర వైశాఖములలో వసారాలోను, మెట్లక్రిందను, బడిగదిలోను సొమ్మసిల్లిన వన్నెపిట్ట దొరకుట మన తీరపు గ్రామములలో వింత కాదు.

జెర్డన్ చూచినది నిజము. చెప్పిన కారణము మాత్రము సగమే నిజము. గాలి పక్షిని అలయించును, దారి తప్పించును. కాని ఆ ఋతువున పక్షి ఆకాశమున ఎందుకున్నదో గాలి చెప్పజాలదు. ఆ కారణము వలసప్రయాణము. వర్షాకాలారంభమున పొన్నంగి మధ్యభారతపు టడవులలోను, హిమాలయపు అడుగుకొండలలోను, పడమటికనుమల కొన్ని భాగములలోను గూడు కట్టును. ఎండుటాకులతో, గడ్డితో బంతివలె గుండ్రముగా నల్లి, ప్రక్కన ద్వారముంచి, నాలుగైదు తెల్లని చుక్కల గ్రుడ్లు పెట్టును. పిల్లలు పెద్దవైన తరువాత, శరదృతువున దక్షిణమునకు బయలుదేరును. కొన్ని మన ప్రాంతమున ఆగును. కొన్ని అరవదేశమునకును సింహళమునకును సాగిపోవును. మరల వేసవి వచ్చినప్పుడు వచ్చిన దారినే ఉత్తరమునకు మరలును. నెల్లూరు నుండి హిమాలయపు అడుగుకొండలకు సుమారు 1500 కిలోమీటర్లు. కోడిగ్రుడ్డు బరువు గల ప్రాణి, పొట్టిరెక్కలతో, రాత్రివేళల ఎగురుచు, పగళ్లు పొదలలో దాగి తినుచు, ఈ దూరమును ఏటేట రెండుమార్లు నడచుచున్నది. జెర్డన్ చూచిన పక్షులు గాలికి కొట్టుకొని వచ్చిన దిక్కులేనివి కావు. స్వస్థానమునకు మరలుచు దారిలో అలసిన బాటసారులు.

పక్షుల రాకపోకలను ఊహతో గాక సాక్ష్యముతో నిరూపించు పద్ధతి మన దేశమున విస్తారముగా సాగినది 1959 తరువాతనే. సలీం అలీ పండితుని నాయకత్వమున బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారు పక్షులను వలలలో పట్టి, కాలికి సంఖ్యగల చిన్న లోహపుటుంగరము తొడిగి, మరల విడిచిపెట్టుచు వచ్చిరి. ఆ పక్షి యింకొకచోట దొరకినచో దాని దారి తెలియును. అరవదేశపు తీరమున కోడిక్కరై యీ పనికి ముఖ్యస్థానములలో నొకటి. ఈ విధముగా 'గాలి తెచ్చినది' అనునది పోయి, 'ఋతువు పిలిచినది' అను జ్ఞానము స్థిరపడెను.

ఈ జ్ఞానము లేనిచోట ఏమి జరుగునో మన గృహములలోనే చూడవచ్చును. తెలియని పక్షి యింటిలో దూరెనా, మనవారికి వెంటనే అరిష్టచింత. గుడ్లగూబ దూరినదని యిల్లు పాడుపెట్టి నెలలకొలది పరుల యింట కాపురమున్నవారిని మనమెరుగుదుము. శకునశాస్త్రము చెప్పువారికి, శాంతి చేయించువారికి అది పంటకాలము. పొన్నంగి వంటి పక్షి పెద్దలకు శకునమగును, పిల్లలకు ఆటవస్తువగును, పిల్లికి ఆహారమగును. ఆ మూడింటిలో దేనికిని అది రాలేదని చెప్పువారు కరవు. రోగికి వైద్యశాల యెట్టిదో, అలసిన యా పక్షికి మన వసారా యట్టిది. చెన్నపట్టణపు పక్షి ఆసుపత్రినే యెన్నుకొనుట యెంత ఉచితముగా నున్నది!

మన పూర్వులు అతిథిని దేవునిగా భావింపుమనిరి. తిథి నియమము లేక వచ్చువాడు గనుక అతిథి యని పండితులు వ్యుత్పత్తి చెప్పుదురు. పొన్నంగి యీ వ్యుత్పత్తికి లోబడని యతిథి. దానికి తిథి యున్నది. పంచాంగము చూడకయే ఆశ్వయుజ కార్తికములలో వచ్చును, చైత్ర వైశాఖములలో పోవును. తిథి తెలియని వానికే పీట వేయుమన్న ధర్మము, తిథి తప్పక వచ్చు దీనికి ఒక పొదనైన నుంచుట తప్పనగలదా?

మన విద్యావిధానమును గూర్చియు నొక మాట చెప్పక తప్పదు. అమరకోశపు సింహాదివర్గమును కంఠస్థము చేసిన వారము మేము. చకోరము వెన్నెల త్రాగునని, హంస పాలను నీళ్లను వేరుపరచునని, చాతకము వానచినుకుకై నోరు తెరచుకొని యుండునని చిన్ననాడే నేర్చితిమి. ఆంగ్లపాఠములు వచ్చిన పిమ్మట నైటింగేలును, స్కైలార్కును, కకూను నేర్చితిమి. ఒకటి స్వర్గలోకపు పక్షిజాతి, రెండవది సీమపక్షిజాతి. మన దడిలోని పక్షి రెంటికిని చెందలేదు. మా తరగతిలో పొన్నంగి బొమ్మను చూపి యిది యేమని యడిగినప్పుడు, పట్టణపు బాలురు చిలుక యనియు లకుముకి యనియు పలువిధముల చెప్పిరి. తోటలలో పశువులను కాచు ఇంటినుండి వచ్చిన పిల్లవా డొకడు మాత్రము బొమ్మను చూడగనే, పెదవులు బిగించి దాని యీలను వేసెను. పేరు వానికి తెలియదు; పక్షి తెలిసినది. పేరు తెలిసినవానికి పక్షియు, పక్షి తెలిసినవానికి పేరును చేర్చుటయే చదువు చేయవలసిన పని యని మా యభిప్రాయము.

గుర్తించుట యైన తరువాత కాపాడుట. దీనిని గూర్చి చట్టముల చరిత్రమును కొంచెము పరిశీలింతము. 1887లో హిందూదేశ ప్రభుత్వము వన్యపక్షుల రక్షణకై మొదటి చట్టమును చేసెను. గూళ్లు కట్టు కాలమున పట్టణములలోను దండుప్రదేశములలోను అప్పుడే పట్టిన పక్షులను అమ్మకుండుటకు నియమములు చేయు నధికారము మాత్రమే దానివలన కలిగెను. సీమలో దొరసానుల టోపీలకై మన పక్షుల యీకలు మూటలుగా నెగుమతి యగుచుండగా, 1902లో ఆ యెగుమతి నిషేధింపబడెను. 1912లో వచ్చిన చట్టము, జాబితాలోని పక్షులకు వేటనిషేధ కాలమును నిర్ణయించుకొను నధికారమును రాష్ట్రప్రభుత్వముల కిచ్చెను. గూళ్లు కట్టు కాలమును గమనించు నియమములలో నొక చిక్కు కలదు. మన తీరమున పొన్నంగి సాధారణముగా గూడు కట్టదు. అది యిచ్చట నుండునది గూళ్లు కట్టని కాలముననే. కావున పుట్టినింటిలో కలిగిన రక్షణ ప్రయాణపు సత్రములో కలుగలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము ఈ కొరతను తీర్చెను. పిట్టల కుటుంబ మంతయు దాని జాబితాలో చేరెను. నేడు పొన్నంగిని పట్టుటయు, చంపుటయు, పంజరమున నుంచుటయు నేరము.

అయినను చట్టము పిట్టను కాచును గాని పొదను కాచదు. ఇదియే యీ వ్యాసమునకు ప్రాణమైన సంగతి. పక్షిని చంపువాడు నేరస్థుడు. పక్షి దిగు చోటును చదును చేయువాడు అభివృద్ధిపరుడు. మన రెవెన్యూ లెక్కలలో పొదభూమికి పేరు 'బంజరు' లేక 'పోరంబోకు'. పన్ను రానిది గనుక ప్రయోజనము లేనిదని యర్థము. కలివి, బలుసు, రేగు, వావిలి, ఈత, మొగలి కలిసి పెరిగిన యెకరము భూమిలో ఎన్ని ప్రాణులు బ్రతుకుచున్నవో ఆ లెక్కకు అక్కరలేదు. పూర్వము పొలమునకు పొలమునకు నడుమ కంప, కంచె, జెముడు దడి యుండెడివి. అవి రైతునకు గోడలు, పక్షికి సత్రములు. నేడు వాని స్థానమున ఇనుపతీగలు, ఇటుకగోడలు నిలుచుచున్నవి. తీగె పశువును ఆపును, పక్షిని దాచదు.

నెల్లూరు తీరమున ఈ మార్పు మరింత వేగముగా జరిగినది. 1990వ దశకము మొదలు తీరమున రొయ్యల గుంటలు పెరిగినవి. త్రాగునీరు, పంటభూములు చెడుచున్నవని జనులు మొరపెట్టగా, తీరనియమముల పరిధిలోని రొయ్యల గుంటలను తొలగింపుమని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. నీటికై, నేలకై మాటలాడువారుండిరి. అట్టి గుంటల గట్లక్రింద మాసిపోవు పొదలకై మాటలాడువారు లేరైరి. ఇసుకనేలలలో సరుగుడు తోటలు వరుసలు తీర్చినట్లు పెరిగినవి. దూరమునుండి చూచువారికి అదియు అడవివలెనే కానవచ్చును. కాని వరుసచెట్ల నడుమ పొద లేదు. సూదులవంటి యా రాలుడులో పొన్నంగికి వలసిన నీడయు, పురుగును దొరకుట కష్టము. చెట్లు నాటుట మంచిదే. చెట్టు నాటినంత మాత్రమున పొద పుట్టదని మాత్రము గ్రహింపవలెను.

పక్షులనిన మన ప్రాంతమువారికి జ్ఞప్తికి వచ్చునవి పులికాటు సరస్సులోని రాజహంసలు, నేలపట్టులోని గూడబాతులు. 1976లో ఈ రెండు తావులును సంరక్షణకేంద్రములైనవి. సూళ్లూరుపేట ప్రాంతముతో పాటు 2022లో నెల్లూరు జిల్లానుండి తిరుపతి జిల్లాకు చేరినవి. వానిని చూచుటకు జనులు బండ్లు కట్టుకొని పోవుదురు, అది సంతోషమే. నీటిపక్షి వేలకొలది గుంపులుగా దిగును, గనుక కనులకు పండుగ. పొదపక్షి ఒంటరిగా, రాత్రివేళ, చప్పుడు లేక దిగును. దానికి తిరునాళ్లు లేవు. సరస్సునకు సముద్రమునకు నడుమనున్న శ్రీహరికోటలో మాత్రము పొదయడవి చాలవరకు నిలిచి యున్నది. 1971లో రాకెట్టుల ప్రయోగము మొదలిడిన నాటినుండి పరులకు ప్రవేశము లేకుండుట దానికొక కారణము. అయితే ఆ దీవిలో తరతరములుగా నివసించి ప్రతి మొక్కను ప్రతి కూతను ఎరిగిన యానాదులను వేరుచోట్లకు తరలించిరి. పొద నిలిచినది, పొదనెరిగినవారు దూరమైరి. రక్షణ యను పేరిట ఈ రెంటిలో నొకదానిని పోగొట్టుకొనుట వివేకము కాదు.

ఎరిగినవారి సహాయము లేనిదే పక్షిరక్షణ లేదని చెప్పుటకు మన పొరుగుననే దృష్టాంతమున్నది. కలివి పొదల నడుమ తిరుగునది గనుక కలివికోడి యని పేరొందిన పక్షిని శాస్త్రజ్ఞులకు ఎరుకపరచినవాడును జెర్డనే. 1848లో దానికి శాస్త్రనామము కలిగెను. 1900 తరువాత అది యెవరికి కానరాక, నశించినదనియే లోకము నిశ్చయించెను. 1986 జనవరిలో కడపజిల్లాలో ఐతన్న యను పల్లెవాడు దానిని ప్రాణములతో పట్టితెచ్చినప్పుడు గాని నిజము తెలియలేదు. 1988లో లంకమల్లేశ్వర అభయారణ్య మేర్పడెను. తెలుగుగంగ కాలువదారి సయితము ఆ పక్షికై మార్పబడెను. గ్రంథములు 'లేదు' అన్నదానిని పల్లె 'ఉన్నది' అన్నది. పొన్నంగి నేడు అట్టి ప్రమాదస్థితిలో లేదు. ఉన్నప్పుడే కాచుకొనుట సులభము, పోయిన పిమ్మట వెదకుకొనుట కష్టము.

గృహస్థులు చేయదగిన పని యేమి? ధనము వెచ్చించు పని యొక్కటియు లేదు. పెరటిలో ఒక మూలనైన పొదను కొట్టక, రాలిన యాకులను కాల్పక విడుచుట మొదటిది. గోడ కట్టినను గోడవెంట నాలుగు వావిలి మొక్కలను, బలుసు మొక్కలను పెంచుట రెండవది. వలస నెలలలో అక్కరలేని వెలుగును రాత్రివేళ ఆర్పుట మూడవది; రాత్రి ఎగురు పక్షులు దీపపు వెలుగుకు దారి తప్పి గోడలకు, అద్దపు కిటికీలకు కొట్టుకొనును. సొమ్మసిల్లిన పక్షి దొరకినచో, శకునము చూడక, పిల్లల చేతికీయక, గాలి చొరునట్లు రంధ్రములు గల అట్టపెట్టెలో నుంచి, చీకటిగా చప్పుడు లేనిచోట విశ్రమింపనిచ్చి, సందెవేళ పొదచెంత విడిచిపెట్టవలెను. నోట నీరు పోయరాదు, బియ్యపుగింజలు పెట్టరాదు, అది పురుగులను తినునది. గాయపడినచో అటవీశాఖవారికి తెలుపవలెను. ఇవి స్త్రీలు, బాలురు, వృద్ధులు అందరును చేయగల పనులు.

చివరి పని వ్రాయుట. ఇంటి పద్దుల పుస్తకమున పాలలెక్కతో పాటు, పొన్నంగి మొదటి కూత వినిన తేదీని, కడపటి కూత వినిన తేదీని ఏటేట వ్రాసి యుంచుడు. పాఠశాలలలో పిల్లలచేత వ్రాయింపుడు. ఒక యింటి లెక్క చిన్నది. పదియేండ్లు నూరిండ్లు వ్రాసినచో అది శాస్త్రమగును. సామాన్యులు వ్రాసిన యిట్టి తేదీలను ప్రపంచమంతట ఒకచో చేర్చు సాధనములు నేడు కలవు. 2002లో అమెరికాలో మొదలైన 'ఈబర్డ్' అట్టిది. మూడువందల యేండ్ల క్రిందట మన పల్లెవాడు చెప్పిన మాటను పరదేశి వ్రాసికొనెను. ఇప్పుడు చెప్పువారమును, వ్రాయువారమును మనమే కావచ్చును.

భాషాభిమానులు మన మాట ప్రపంచమెల్ల వ్యాపించినదని సంతసింతురు గాక. కాని మాట నిలుచుట పుస్తకములలో. పిట్ట నిలుచుట పొదలో. పొద నరకిన దేశమున 'పిట్ట' యను మాట ప్రేతనామమగును. వచ్చు ఆశ్వయుజమున ఒకనాటి ఉదయము ఆరుగంటలకు దడిప్రక్క నిలిచి చెవియొగ్గుడు. రెండు స్వరముల యీల వినబడెనా, మీ యింట నొక పొద యున్నదని సంతోషింపుడు. వినబడలేదా, ఒక వావిలిమొక్కను తెచ్చి నాటుడు.